బస్వన్నను ఎన్నేండ్లు ఉంచాలి

మా తమ్ముడు గంగాధర్ మొన్న పొద్దున్నే వర్ని దగ్గరి మా ఊరి నుంచి బస్సెక్కి వచ్చి, చెప్పులు ఇంకా కాళ్ళకు ఉండగానే గుమ్మంలో నిలబడి అడిగాడు: "అక్కా, బాపు మన బస్వన్నను మందల ఎన్నేండ్లు ఉంచిండు? నీకు యాదికుందా?" నిజామాబాద్ కంఠేశ్వర్‌లో మా ఇల్లు రోడ్డు పక్కనే. ఆటోల మోతలో వినబడనట్టు "ఏందిరా?" అన్నాను. నిజానికి స్పష్టంగానే వినబడింది. ఏం చెప్పాలో తోచక అలా చేశాను. బళ్ళో పాఠాలు చెప్పినన్నాళ్ళూ ఇలా తప్పించుకునే పిల్లల్ని ఎంతమందిని బెంచీ మీద నిలబెట్టానో లెక్కలేదు. ఇప్పుడు ఈ వయసులో, నా ఇంట్లోనే, నాకంటే పదకొండేళ్ళు చిన్నవాడి ముందు నేనే అలా నిలబడ్డాను.

వాడి గొడవ ఇదీ. వాడికి ఇరవై దాకా దేవణి ఆవులున్నాయి. తెల్లటి ఒంటి మీద నల్ల మచ్చలు, వేలాడే చెవులు. ఇప్పుడు మా వైపు చాలామంది ఆబోతును ఉంచుకోవడమే మానేశారు. ఆవు ఎదకు వస్తే ఫోన్ చేస్తారు, చూడి కట్టే సూది వేసే ఆయన మోటార్ సైకిల్ మీద వస్తాడు, పది నిమిషాల్లో పని అయిపోతుంది. తండ్రి ఎవరో ఆవుకూ తెలియదు, మనకూ తెలియదు. మావాడు మాత్రం నా మందకు నా ఆబోతే ఉండాలని పట్టుబట్టి భీమన్న అనేదాన్ని పెంచుతున్నాడు. పెంచడమంటే మామూలు పెంపకం కాదు. మా మరదలు ఒకసారి నాతో, "వదినే, నాకు జొరమొస్తె గోలి తెచ్చి చేతుల పెడ్తడు. భీమన్నకు దగ్గొస్తె కొట్టంలనే పండుతడు" అని నవ్వింది. ఆ నవ్వులో సగం నవ్వు కాదు.

ఆ భీమన్న వచ్చి మూడున్నరేళ్ళు దాటింది. దానికి పుట్టిన పెయ్యలు నాలుగు ఇవాళో రేపో ఎదకు వచ్చేలా ఉన్నాయి. పశువుల డాక్టర్ చూసి, తండ్రినీ బిడ్డలనూ ఒకే మందలో ఉంచొద్దు, ఆబోతును తీసెయ్ అన్నాడట. వీడికి ప్రాణం ఒప్పడం లేదు.

"అమ్ముదామంటె చేతులొస్తలేవక్కా," అన్నాడు కుర్చీలో ముందుకు జరిగి. "అందుకే ఒకటి సోంచాయించిన. కాలువ అవతల విఠల్ బావ కొడుకు కాడ మంచి కోడె ఉంది. గది మన భీమన్నకు పుట్టిందే. కాని వాళ్ళ కొట్టంల పుట్టింది, వాళ్ళింట్లనే పెరిగింది. మనది వాళ్ళకిచ్చి వాళ్ళది మనం తెచ్చుకుంటే? భీమన్న గూడ రోజూ కండ్ల ముందే ఉంటడు. బాపు గూడ గట్లనే చేసిండని ఊర్ల పెద్దమనుషులు అంటున్నరు. నువ్వు ఊఁ అను, ఆదివారమే బండి మాట్లాడుత."

"ముందు చాయ్ తాగు," అన్నాను.

బాపు అలాగే చేశాడన్నది నిజమే. చేశాక ఏమైందో ఊళ్ళో పెద్దమనుషులు మర్చిపోయారు. మా తమ్ముడికి అప్పటికి ఆరేళ్ళు. తెలిసినదాన్ని ఇంట్లో ఇక నేనొక్కదాన్నే మిగిలాను. చెబితే బాపు మీద వీడికున్న గురి పోతుంది, దాంతోపాటు నా పాత సంగతి ఒకటి బయటికి వస్తుంది. చెప్పకపోతే వీడి మంద పాడవుతుంది. చాయ్‌లో చక్కెర వేశానో లేదో నాకు గుర్తులేదు. వాడు ఎలా ఉంటే అలా తాగాడు.

మా ఆబోతు బస్వన్నను బాపు మహారాష్ట్ర వైపు అంగడిలో కొన్నాడు. సగం మరాఠీలో, సగం చేతులతో బేరమాడి, రెండు రోజులు దాని పక్కనే నడిచి బోధన్ మీదుగా ఇల్లు చేర్చాడు. అప్పుడు మాది చెరుకు ఊరు. ఫ్యాక్టరీ ఆడే రోజుల్లో గాలి ఇటు తిరిగితే చెరుకు మడ్డి వాసన ఇల్లంతా పట్టేది. ఉతికిన బట్టల్లోనూ అదే, అన్నం కుండ మూత తీసినా అదే. నేను ముక్కు మూసుకుని తిట్టుకునేదాన్ని. ఇప్పుడు ఆ దారిన బస్సులో పోతే రెండు వైపులా వరి మళ్ళు, బురద వాసన. అయినా కిటికీ పక్కన కూర్చుంటే నా ముక్కు ఆ మడ్డి వాసన కోసమే చూస్తుంది. తిట్టుకున్నదాన్ని ఎందుకు వెతుకుతున్నానో నాకే అర్థం కాదు.

బాపు పొద్దున లేస్తూనే ఎవరి మొహమూ చూడకుండా నేరుగా కొట్టంలోకి పోయేవాడు. నానబెట్టిన ఉలవలు, పల్లిచెక్క, పైన చారెడు బెల్లం. బస్వన్న తిన్నంతసేపూ దాని గంగడోలు నిమురుతూ బీడీ కాల్చేవాడు. ఆ తర్వాతే మాతో మాట. మా దగ్గర నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం. మా అవ్వ బియ్యం కడిగిన నీళ్ళు కుడితి గోలెంలో పోస్తూ, "ఈ ఇంట్ల ముందు దానికి పెట్టాలె, గటెన్క మనుషులకు" అని గొణిగేది. గొణగడమే కానీ, తను ఒక్కపొద్దు ఉన్న రోజున కూడా బస్వన్నకు జొన్న రొట్టె చేసి తన చేత్తోనే తినిపించేది.

చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు ఎదకొచ్చిన ఆవుల్ని మా ఇంటికి తోలుకొచ్చేవాళ్ళు. ఆవుగలవాళ్ళు సోలెడు ఉలవలు బస్వన్న ముందు పోసి, నుదుట పసుపు పెట్టి పోవాలి, అంతే. ఆవు వాకిట్లోకి వచ్చిందంటే చాలు, అవ్వ నన్ను "లోపలికి పోవే, బియ్యం ఏరుపో" అని తరిమేది. ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరేదాన్ని. ఆ నాలుగేళ్ళూ మా ఇంట్లో రాయి లేని అన్నం తిన్నామంటే అది బస్వన్న చలవే. లోపలికి అన్నీ వినబడేవి. నాకేమీ తెలియదనుకోవడం అవ్వకు తృప్తి, తెలియనట్టు ఉండటం నా మర్యాద.

బాపు వాళ్ళ అక్క, మా లక్ష్మత్త, కాలువ అవతలి ఊళ్ళో ఉండేది. ఆమె ఒక్కతే ఉలవలు తేకుండా ఆవును తోలుకొచ్చేది. "నా పుట్టింటి ఆబోతుకు నేనెందుకు పోస్త? మీరే నాకు సోలెడు కట్టియ్యిండ్రి" అని గలగలా నవ్వేది. ఆవు పలుపు పట్టుకుని ఆమె కొడుకు విఠల్ వచ్చేవాడు. నాకు మేనబావ. నేను పుట్టిన పురిట్లోనే అత్త నన్ను కోడలా అని పిలిచిందట. మా ఇండ్లల్లో మేనరికం అంటే ఇక మాట్లాడుకోవాల్సింది ఏమీ ఉండదు, ముహూర్తం ఒక్కటే బాకీ. బావ వచ్చినా నన్ను లోపలికే పంపేవాళ్ళు. ఆ రోజున బియ్యం ఇంకాస్త శ్రద్ధగా, కిటికీ పక్కన కూర్చుని ఏరేదాన్ని. అత్త ఆవుకు కోడెదూడ పుట్టింది. బస్వన్న పోలికే, నుదుటి మీద మచ్చతో సహా.

మా ఊళ్ళో లెక్క ఒకటే. ఆబోతుకు పుట్టిన పెయ్యలు ఎదకు రాకముందే దాన్ని మంద నుంచి తీసెయ్యాలి. బస్వన్న వచ్చి నాలుగో ఏడు నడుస్తుండగా దాని మొదటి పెయ్యలు మూడు ఏపుగా ఎదిగాయి. "ఈ చెరుకు పోనీ" అన్నాడు బాపు. చెరుకు పోయింది. "నాట్లు కానీ" అన్నాడు. నాట్లయ్యాయి. "దసరా పోనీ" అన్నాడు. దసరా కూడా పోయింది. అవ్వకు ఈ సంగతి నోరు తెరిచి చెప్పడం చేతకాదు. పశువుల గురించే అయినా, తండ్రీ బిడ్డలూ అన్న మాట మగవాళ్ళ ముందు ఎలా అంటుంది? అందుకని ఏమీ అనకుండా ఆ మూడు పెయ్యల్నీ తీసుకుపోయి పెరట్లో గడ్డివాము వెనక కట్టేసింది. సాయంత్రం బాపు వచ్చి విప్పి మళ్ళీ కొట్టంలో కట్టాడు. తెల్లారి అవ్వ మళ్ళీ గడ్డివాము వెనక కట్టింది. వారం రోజులు ఇదే తంతు. పెయ్యలకు దారి ఎంత అలవాటైందంటే, పలుపు విప్పితే వాటంతటవే అటు నడిచేవి. చివరికి ఒకరోజు అన్నం వడ్డిస్తూ అవ్వ బాపుతో కాదు, నాతో అంది: "మీ బాపును అడుగే సుగుణా, ఈ ఇంట్ల ఇజ్జత్ ఉన్నదా లేదా అని." బాపు చేతిలో ముద్ద కంచంలో పెట్టేసి లేచిపోయాడు.

రెండు రోజుల తర్వాత తనే చెప్పాడు. మొహం వెలిగిపోతోంది. అరుగు మీద ముగ్గురు పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు.

"బస్వన్నను మా అక్కింటికిస్త. అక్కింటి కోడెను మనం తెచ్చుకుందం."

"గది బస్వన్నకు పుట్టిందే గదా?" అంది అవ్వ తలుపు వెనక నుంచి.

"పుడితేంది? పుట్టింది మా అక్క కొట్టంల. వాళ్ళ ఇంటిపేరు వేరు, మన ఇంటిపేరు వేరు. అక్కింటి కోడె మన పెయ్యలకు ఏమైతది? బావ అయితది. వరుస కుదిరిందా లేదా, మీరే చెప్పుండ్రి."

"బరాబర్ చెప్పినవ్," అన్నాడు ఒక పెద్దమనిషి. మిగతా ఇద్దరూ తలలూపారు.

మీరు నవ్వుకోవచ్చు. నేనూ నవ్వాను, చాలా ఏళ్ళ తర్వాత. ఆ రోజు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. మా కొట్టంలో పశువులకు మా ఇంటిపేరే, మా వరుసలే. తండ్రీ బిడ్డల తప్పు అందరి కంటికీ కనబడింది. అన్నాచెల్లెళ్ళ తప్పు మాత్రం కాలువ దాటేసరికి మేనరికమైపోయింది. అవ్వ కూడా ఇంకో మాట అనలేదు. ఇంట్లో నా పెండ్లి మాట నడుస్తుండగా అత్తింటి సంబంధాన్ని తప్పుపట్టే మాట ఆమె నోట ఎలా వస్తుంది? పైగా బాపు అసలు ఆలోచన మా అందరికీ తెలుసు. బస్వన్నను వేరే ఊరి వాళ్ళకిస్తే మళ్ళీ కంటికి కనబడదు. అక్కింట్లో ఉంటే చెప్పులేసుకుని బయల్దేరితే చాలు. అలాగే పోయేవాడు కూడా, రెండు రోజులకొకసారి, తువ్వాలలో బెల్లం ముక్క కట్టుకుని. అక్కను చూడటానికి అని చెప్పేవాడు. అత్త, "నన్ను సూడనీకె వచ్చినోడు కొట్టంలకెళ్ళే మర్లిపోతడు" అని ఊరంతా చెప్పి నవ్వేది.

సంవత్సరం తిరిగేసరికి పెద్ద పెయ్య ఈనింది. ఆడదూడ. ముందు కాళ్ళు రెండూ మోకాళ్ళ దగ్గర లోపలికి మడిచినట్టు ఉన్నాయి. లేవబోతుంది, మూతి మీద పడుతుంది, మళ్ళీ లేవబోతుంది. రెండో పెయ్యకు నెలలు నిండకుండానే కడుపు పోయింది. మూడోదానికి మంచి దూడే పుట్టింది. ఆ సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అబద్ధం చెప్పినట్టవుతుంది. బాపు ఆ వంకరకాళ్ళ దూడ దగ్గర గొంతుకూర్చుని చాలాసేపు కదలలేదు. నేను పాలు గిన్నెలో తెచ్చి, వేలు ముంచి దాని నోట్లో పెడుతున్నాను. ఆయన నన్ను చూశాడు, దూడను చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. నాకు పదిహేడేళ్ళు. నేను గిన్నెలో మళ్ళీ వేలు ముంచాను.

ఆ వారంలోనే ఆయన కాలువ దాటిపోయి వచ్చాడు. మర్నాడు పొద్దున్నే లక్ష్మత్త మా వాకిట్లో నిలబడింది. కొంగు నడుముకు చుట్టి ఉంది.

"ఏం తక్కువయిండురా నా కొడుకు? కన్ను లొట్టనా, కాలు వంకరనా?"

ఆ మాటకు బాపు మొహంలో నెత్తురు చుక్క లేదు. "పిల్ల సదువుకుంటదట అక్కా," అన్నాడు.

నేను ఎప్పుడూ అలా అనలేదు. పదో తరగతి పాసైనందుకే ఊళ్ళో నన్ను వింతగా చూస్తున్నారు. అత్త నా వైపు తిరిగి, "అవునా సుగుణా?" అని అడిగింది. నేను అవ్వను చూశాను. అవ్వ నేలను చూసింది. నేను తలూపాను. ఎందుకు ఊపానో, దేవుడి మీద ఒట్టు, ఇప్పటికీ తెలియదు. అత్త మంచినీళ్ళు ముట్టకుండా పోయింది. బాపు ఆమెకు కారణం ఎలా చెబుతాడు? దూడను చూపించి నీ కొడుకు నా బిడ్డకు వద్దంటే తోడబుట్టినదాని మొహాన ఉమ్మేసినట్టే కదా. మాకు కూడా చెప్పలేదు. ఎవరికి వాళ్ళం దూడను చూసి అర్థం చేసుకున్నాం, అర్థమైందో లేదో కూడా ఒకరినొకరం అడగలేదు. రాకపోకలు తెగిపోయాయి, బాపు పోయాకే తమ్ముడు మళ్ళీ కలిపాడు. బస్వన్నను రోజూ చూడొచ్చని చేసిన పని అది. ఆ తర్వాత బాపు దాన్ని ఒక్కసారి కూడా చూడలేకపోయాడు.

నన్ను నిజామాబాద్ పంపి హాస్టల్‌లో చేర్చారు. ట్రంకుపెట్టె మీద కూర్చుని ఆ మొదటి వారమంతా ఏడ్చాను. విఠల్ బావ కోసమా, లేవలేని దూడ కోసమా, నన్ను అడగకుండా నా నోట చదువు మాట పెట్టినందుకా? ఒక్కో రోజు ఒక్కోటి నిజమనిపించేది. తర్వాత టీచర్ శిక్షణ, ఉద్యోగం, పెండ్లి. మా ఆయన నందిపేట్ వైపు మనిషి, మాకు ఏడు తరాల చుట్టరికం లేనివాడు. మంచివాడే. జీతం నా చేతికి వచ్చిన మొదటి నెల ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఆ సంతోషం బాపు పెట్టిన భిక్ష అనుకున్నాను. అదే నెలలో విఠల్ బావ పెండ్లి అని తెలిసి కంచం ముందు నుంచి లేచిపోయాను. రెండూ నేనే.

మా చిన్నమ్మది మేనరికమే. పిల్లలు నలుగురూ నిక్షేపంగా ఉన్నారు. విఠల్ బావ బయటి సంబంధం చేసుకున్నాడు. ఆయన పిల్లలూ బాగున్నారు. నేను బళ్ళో పనిచేసేటప్పుడు పశువుల డాక్టర్ ఒకాయన్ను, పాఠం కోసమని అబద్ధం చెప్పి, దూడల కాళ్ళు అలా ఎందుకు వంగుతాయని అడిగాను. "దగ్గరి రక్తం వల్ల కావచ్చమ్మా, చూడిలో మేత సరిగ్గా లేకపోయినా కావచ్చు. చూడకుండా ఎట్ల చెప్పను?" అన్నాడు. నాకు గుర్తున్నంతలో ఆ ఏడు కాలువకు నీళ్ళు సరిగ్గా రాలేదు, పచ్చిమేత కరువే. మరి నా బతుకు దారి తప్పించింది రక్తమా, గడ్డి కరువా? ఈ రోజుల్లో గంగాధర్‌కు డాక్టర్ ఒక్క మాటలో చెప్పేశాడు, తండ్రినీ బిడ్డలనూ ఒకచోట ఉంచొద్దని. అప్పట్లో అదే మాట చెప్పడానికి మా అవ్వ వారం రోజులు పెయ్యల్ని అటూ ఇటూ కట్టింది. ఇప్పుడు మాట సులువైంది. వినేవాడి ప్రాణం ఒప్పుకోవడం మాత్రం అప్పటిలాగే ఉంది.

చాయ్ గ్లాసు కింద పెట్టిన తమ్ముడికి ఇదంతా చెప్పాను. వరుసగా చెప్పలేకపోయాను. దూడ దగ్గర మొదలుపెట్టి వెనక్కి పోయాను, బావ మాట వచ్చినప్పుడు వంటింట్లోకి పోయి స్టవ్ ఆర్పానో లేదో చూసి వచ్చాను. వాడు తలెత్తకుండా విన్నాడు.

"అంటే బాపు తప్పు చేసిండా?" అన్నాడు చివరికి.

"ఆబోతు సంగతిల చేసిండు. నా సంగతిల ఏం చేసిండో నాకు తెల్వదురా."

బయట ఎవరో స్కూటర్ స్టార్ట్ కాక కిక్ మీద కిక్ కొడుతున్నారు.

"సరే," అన్నాడు. "విఠల్ బావ కొడుక్కు వద్దని చెప్త. నాందేడ్ దిక్కు ఒకాయన అడుగుతుండు. ఆయన మందకు మన మందకు ఏ సుట్టరికం లేదు. భీమన్నను ఆదివారం ఆయనకు పంపిస్త." తువ్వాలతో మొహం గట్టిగా తుడుచుకున్నాడు. "బండెక్కించేటప్పుడు నువ్వు రా అక్కా. నా ఒక్కనితోని కాదు."

వస్తానన్నాను. చెప్పులు వేసుకుంటూ వాడు ఆగాడు.

"గా వంకరకాళ్ళ దూడను మరి నువ్వు మళ్ళ సూడలేదా?"

"ఎక్కడ సూస్త? నేను మొదటిసారి సెలవులకొచ్చేసరికే సచ్చిపోయిందని అవ్వ చెప్పింది గదా."

"సచ్చిపోవుడేంది? అది ఏడేండ్లు బతికింది."

వాడు వేసుకున్న చెప్పు విడిచి గుమ్మంలో కూర్చున్నాడు.

"బాపు దాని కాళ్ళకు రెండు దిక్కుల వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుట్టేటోడు. పొద్దుగాల ఎత్తుకపోయి ఎండల నిలవెట్టేటోడు. కుంటుకుంటనే నడ్సింది. ఒక ఈత గూడ ఈనింది. నువ్వు సెలవులకొస్తున్నవంటే ఒకరోజు ముందుగాల దాన్ని చెరుకు తోట కాడికి తోలిపిచ్చేటోడు. తోలకపోయింది నేనే. నీకు చెప్పొద్దని నాతోని ఒట్టు పెట్టిచ్చుకుండు."

"ఎందుకురా?"

"నాకేం తెల్సక్కా? దాని పేరు సుగుణ అని పెట్టిండు. నీకు కోపమొస్తదని గావచ్చు."

వాడు పోయాక కూడా నేను అక్కడే నిలబడి ఉన్నాను. హాస్టల్‌కు పోయిన తర్వాత బాపు నన్ను పేరు పెట్టి పిలవడం మానేశాడు. ఎప్పుడు ఇంటికి పోయినా "బిడ్డా" అనేవాడు. చివరిదాకా అంతే. ఊరు దాటించిన పిల్ల పరాయిదై పోయిందని, అందుకే పేరు కూడా నోట రావడం లేదని నాకు ఒళ్ళు మండేది. ఆ కోపంతో రెండు దసరాలకు నేను ఇంటికి పోలేదు.